పెళ్ళికూతురి చీర రంగు ఎక్కడ పోయింది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కావలి. ఆరేళ్ళ నుంచి పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాను. ఇన్నాళ్ళూ జేపెగ్‌లోనే తీసేవాణ్ణి. ఈ మధ్య కొత్త కానన్ మిర్రర్‌లెస్ కొని, అందరూ చెబుతున్నారని రా మోడ్‌లో (కెమెరా పట్టింది పట్టినట్టే దాచే పద్ధతి) తీయడం మొదలుపెట్టాను. మొన్న ఒక పెళ్ళి మొత్తం రాలోనే తీసి, లైట్‌రూమ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రాత్రులు కూర్చుని కరెక్షన్ చేసి, ఆల్బం కోసం నెల్లూరు ల్యాబ్‌కి పంపాను. వాళ్ళు సగం ఫైళ్ళు ఓపెన్ కావడం లేదని స్క్రీన్‌షాట్ పెట్టారు. అందులో 'ఇన్‌వాలిడ్ జేపెగ్ మార్కర్' అని ఉంది. నా సిస్టంలో మాత్రం అవే ఫైళ్ళు బాగానే తెరుచుకుంటున్నాయి. తెరుచుకున్న మిగతా సగంలో పెళ్ళికూతురి చీర రంగు వెలిసిపోయినట్టు ఉందట. పోనీ అని మా మామ కొడుకు దగ్గరికి పెన్ డ్రైవ్ తీసుకెళ్తే, అక్కడ నేను చేసిన ఎడిటింగ్ ఏమీ లేదు, కెమెరాలోంచి తీసినట్టే ఉన్నాయి. పెళ్ళికూతురి నాన్న రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో ఎత్తడం లేదు. మళ్ళీ జేపెగ్‌కే వెళ్ళిపోమంటారా? మూడు రకాల ఫైళ్ళు ఒక్కోటి పంపిస్తున్నాను, చూడండి.

సమాధానం: తమ్ముడూ, ముందు ఆయన ఫోన్ ఎత్తు. నీ ఫొటోల్లో ఒక్కటి కూడా పోలేదు. పోయేది ఎప్పుడంటే, ఈ కంగారులో కార్డు ఫార్మాట్ కొట్టినప్పుడో, లైట్‌రూమ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తూ, నీ ఎడిటింగ్ అంతా రాసి ఉండే కేటలాగ్ ఫైలు కూడా చెరిపేసినప్పుడో. ఆ రెండూ చేయకు. మిగతాదంతా ఒక సాయంత్రం పని.

నువ్వు పంపిన మూడు ఫైళ్ళూ తెరిచి చూశాను. నువ్వు అనుకుంటున్నట్టు ఒకే జబ్బు మూడు రకాలుగా బయటపడటం కాదు. మూడింటికీ మూడు వేరు వేరు జబ్బులు.

మొదటి ఫైలు. పేరు చివర జేపీజీ అని ఉంది. సైజు చూస్తే 137 ఎంబీ. అక్కడే నాకు అనుమానం వచ్చింది. 24 మెగాపిక్సెల్ ఫొటో మంచి క్వాలిటీ జేపెగ్ అయితే 10 ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది గానీ, 137 ఎందుకు ఉంటుంది? దాన్ని నోట్‌ప్యాడ్‌లోకి లాగి వదిలాను. నువ్వూ చేసి చూడు, కాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంటుంది. లోపలంతా పిచ్చి గీతలు ఉంటాయి, వాటితో మనకు పనిలేదు. మొట్టమొదటి రెండు అక్షరాలే చూడాలి. నీ ఫైల్లో అవి పక్కపక్కనే రెండు ఇంగ్లీషు 'ఐ'లు, ఆ వెంటనే ఒక నక్షత్రం గుర్తు. అంటే అది టిఫ్ ఫైలు, నాణ్యత తగ్గకుండా దాచే పెద్ద రకం. అసలైన జేపెగ్ అయితే మొదటి వరుసలోనే 'జేఎఫ్ఐఎఫ్' అనో 'ఎగ్జిఫ్' అనో కనపడుతుంది. పీఎన్‌జీ అయితే ఆ మూడు అక్షరాలే పైన రాసి ఉంటాయి. కొన్ని కంపెనీల రా ఫైళ్ళు కూడా టిఫ్ లాగే రెండు 'ఐ'లతో మొదలవుతాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు, సైజు కూడా కలిపి చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త: నోట్‌ప్యాడ్‌లో చూశాక సేవ్ నొక్కకుండా మూసెయ్యి. సేవ్ చేశావా, ఆ ఫైలు ఇక దేనికీ పనికిరాదు.

ఇప్పుడు నిజం చెప్పు. లైట్‌రూమ్‌లోంచి ఫొటోలు బయటికి తీశాక, అదే ఎక్స్‌పోర్ట్ అయ్యాక, టిఫ్ అని చూసి, ల్యాబ్ వాళ్ళు జేపెగ్ అడిగారు కదా అని, రీనేమ్ కొట్టి పేరు చివర జేపీజీ అని మార్చావా లేదా? ఉత్తరంలో రాయలేదు గానీ, ఫైలు చెబుతోంది. రొయ్యల మేత బస్తా మీద యూరియా అని రాస్తే అది చేలో చల్లడానికి పనికొస్తుందా? పేరు మార్చినా లోపలి సరుకు మారదు.

మరి నా సిస్టంలో ఎందుకు తెరుచుకుంది అంటావు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పేరును పట్టించుకోకుండా లోపలికి తొంగి చూసి, ఓహో ఇది టిఫ్ అని గుర్తుపట్టి తెరిచేస్తాయి. నువ్వు ఫొటోలు చూసే ప్రోగ్రాం అలాంటిది. ఫొటోషాప్ అలా కాదు. పేరు జేపీజీ అని ఉంటే జేపెగ్‌లో ఉండాల్సిన గుర్తుల కోసం వెతుకుతుంది, దొరక్కపోతే మార్కర్ సరిగా లేదంటుంది. ల్యాబ్ వాళ్ళు పెట్టిన స్క్రీన్‌షాట్ సరిగ్గా అదే. పాపం వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళమీద కోపం వస్తే తగ్గించుకో.

టిఫ్‌గా ఎందుకు వచ్చిందంటే, లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్ కిటికీ పోయినసారి పెట్టిన సెట్టింగును గుర్తు పెట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి దేనికోసమో టిఫ్ పెట్టి ఉంటావు, రెండో రాత్రి నిద్రమత్తులో చూసుకోకుండా ఎక్స్‌పోర్ట్ కొట్టి ఉంటావు. అందుకే సగం ఇలా, సగం అలా వచ్చాయి. సైజు అంత ఎందుకంటే, ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులు, 16 బిట్‌లో ఒక్కో రంగుకు రెండు బైట్లు. 24 మిలియన్ పిక్సెళ్ళను ఆరుతో హెచ్చించు, 14 కోట్ల 40 లక్షల బైట్లు. కంప్యూటర్ ఒక ఎంబీని పది లక్షల కన్నా కాస్త ఎక్కువ బైట్లుగా లెక్కేస్తుంది కాబట్టి అదే 137 ఎంబీ. లెక్క సరిపోయిందా?

విండోస్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫైలు పేరు చివరి భాగాన్ని అది మామూలుగా దాచేస్తుంది. నువ్వు జేపీజీ అని టైపు చేస్తే, దాని వెనక కనపడకుండా టిఫ్ అలాగే ఉండిపోవచ్చు. ఫోల్డర్ పైన వ్యూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదాన్ని ఆన్ చేసిపెట్టుకో. ఈ పనిలో ఉన్నవాడి కంప్యూటర్లో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

ఇక రెండో ఫైలు. ఇది అసలైన జేపెగ్గే. రంగు వెలిసిపోయినట్టుంది అన్నది దీని గురించే. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూశాను. కలర్ రిప్రజెంటేషన్ అన్నచోట ఎస్‌ఆర్‌జీబీ అని ఉండాల్సింది, 'అన్‌క్యాలిబ్రేటెడ్' అని ఉంది. ఫొటోషాప్‌లో తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ప్రోఫోటో ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో, అంటే వేరే రంగుల కొలతలో ఎక్స్‌పోర్ట్ చేశావు.

ఇది మన జిల్లా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం చాలా తేలిక. మన నెల్లూరులో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. వేరే చోట పుట్టి లెక్క వేరు. ఒకాయన కాగితం మీద 'పది' అని మాత్రం రాసి పంపాడనుకో. ఏ పుట్టో రాయలేదు. అందుకున్నవాడు తన ఊరి పుట్టితో లెక్క వేసుకుంటాడు. వడ్లు అవే, అంకె అదే, లెక్క మాత్రం తప్పుతుంది. ఫొటోలో ప్రతి రంగూ ఇలాంటి ఒక అంకె. 8 బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఆ 255 అంటే ఎంత గాఢమైన ఎరుపు అన్నది కలర్ స్పేస్ చెబుతుంది. ప్రోఫోటో చాలా పెద్ద పుట్టి. అందులో ఈ చీర రాణీ రంగుకు చిన్న అంకె సరిపోతుంది. ఆ చిన్న అంకెను తీసుకెళ్ళి ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న పుట్టితో కొలిస్తే ఏమవుతుంది? రంగు తక్కువ తూగుతుంది. ల్యాబ్‌లో జరిగింది అదే. నీ లైట్‌రూమ్‌కు ఏ పుట్టో తెలుసు కాబట్టి నీ దగ్గర కంచి పట్టు కంచి పట్టులాగే మెరిసింది. ఆ వివరం చదవని యాప్‌లో, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో పదిసార్లు ఉతికిన చీర అయిపోయింది.

ఎస్‌ఆర్‌జీబీ అన్నది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన కొలత. పాతదే, చిన్నదే. కానీ ఫోన్లు, టీవీలు, వాట్సాప్, చాలా ప్రింటు ల్యాబులు ఏమీ చెప్పకపోతే అదే అనుకుంటాయి. ప్రోఫోటో, అడోబ్ ఆర్‌జీబీ గొప్పవి కావని కాదు. లోపల ఎడిటింగ్ చేసుకోవడానికి పెద్ద గది ఉంటేనే మంచిది. గడప దాటి బయటికి పంపేటప్పుడు మాత్రం, అవతలివాళ్ళు నోరు తెరిచి వేరేది అడిగితే తప్ప, ఎస్‌ఆర్‌జీబీ.

లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో ఫైల్ సెట్టింగ్స్ కింద కలర్ స్పేస్ ఉంటుంది, అక్కడ ఎస్‌ఆర్‌జీబీ పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. పాత జేపెగ్‌లను బాగు చేస్తూ కూర్చోకు, చెరిపేసి కొత్తవి తీయి. నీ ఎడిటింగ్ కేటలాగ్‌లో భద్రంగా ఉంది కదా.

ఆల్బం డిజైనర్ ఫొటోషాప్‌లో పనిచేస్తాడు కాబట్టి ఆయనకో మాట చెప్పు. ఎడిట్ మెనూలో రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఉంటాయి, 'అసైన్ ప్రొఫైల్', 'కన్వర్ట్ టు ప్రొఫైల్'. అసైన్ అంటే వడ్లు తూచకుండా కాగితం మీద పుట్టి పేరు మాత్రం మార్చడం. రంగు అక్కడికక్కడే మారిపోతుంది. కన్వర్ట్ అంటే మళ్ళీ తూచి కొత్త అంకె రాయడం. నొక్కాల్సింది కన్వర్ట్. ఈ రెండింటి తేడా తెలియక ఆల్బంలు పాడైన సందర్భాలు నేను చాలా చూశాను. ఇంకో సంగతి, మన ఊళ్ళలో ఆల్బం చేసే కుర్రాడే పగలు ఫ్లెక్సీలు కూడా డిజైన్ చేస్తుంటాడు. ఫ్లెక్సీ కోసం సీఎంవైకే అనే ప్రింటు సిరాల రంగు మోడ్‌లో పెట్టుకుని, అదే అలవాటులో ఆల్బం షీటు కూడా సీఎంవైకే జేపెగ్‌గా సేవ్ చేస్తే, కొన్ని ఫోన్లలో అసలు తెరుచుకోదు, తెరుచుకున్నా రంగులు దయ్యం పట్టినట్టు ఉంటాయి. మోడ్‌లో ఆర్‌జీబీ ఉందో లేదో ఒకసారి చూడమను.

ఫొటోషాప్ గురించే కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కొత్త వెర్షన్లలో లేయర్లు ఉన్న ఫైలుకు 'సేవ్ యాజ్' కొడితే జేపెగ్ పేరే కనపడదు. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని రీఇన్‌స్టాల్ చేసినవాళ్ళు ఉన్నారు. చెడిపోలేదు, జేపెగ్ ఇప్పుడు 'సేవ్ ఎ కాపీ' కింద ఉంటుంది.

మూడో ఫైలు, మీ మామ కొడుకు దగ్గర తెరిచింది. ఇది చూస్తే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఇమేజ్ ఫార్మాట్ దగ్గర 'ఒరిజినల్' అని పెట్టావు. ఒరిజినల్ అంటే 'నేను ఎడిట్ చేసిన అసలు ఫొటో' అని అర్థం చేసుకుని ఉంటావు. లైట్‌రూమ్ దృష్టిలో దానర్థం కెమెరా ఇచ్చిన రా ఫైలు ఉన్నదున్నట్టు. అందుకే ఫోల్డర్‌లో సీఆర్3 (కానన్ రా) ఫైలు ఒకటి, దాని పక్కన అదే పేరుతో కొద్ది కేబీల ఎక్స్‌ఎంపీ ఫైలు ఒకటి వచ్చాయి.

రాలో ఎడిటింగ్ ఎలా జరుగుతుందో ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడాలి, ఎందుకంటే జబ్బులు మూడు వేరైనా, మూడూ పుట్టింది ఈ ఎక్స్‌పోర్ట్ దగ్గరే. టైలర్ దగ్గర జాకెట్ గుడ్డ ఇస్తే ఆయన కొలతలు చీటీ మీద రాసి గుడ్డకు పిన్ను గుచ్చి పక్కన పెడతాడు. కత్తెర ఇంకా పడలేదు. లైట్‌రూమ్‌లో నువ్వు నాలుగు రాత్రులు చేసింది ఆ చీటీ రాయడమే. ఎక్స్‌పోజర్ ఇంత పెంచు, పసుపు ఇంత తగ్గించు, ఇక్కడ క్రాప్ చెయ్యి. గుడ్డను, అంటే రా ఫైలును, అది ముట్టుకోదు. కత్తెర పడి జాకెట్టు తయారయ్యేది ఎక్స్‌పోర్ట్‌లో. ఒరిజినల్ అని పెడితే గుడ్డను, చీటీని విడివిడిగా చేతిలో పెట్టి పంపించినట్టు. ఆ చీటీని, అంటే ఎక్స్‌ఎంపీ ఫైలును, చదవగలిగేది లైట్‌రూమ్, ఫొటోషాప్ కెమెరా రా, వాటి దగ్గరి చుట్టాలు మాత్రమే. మామూలు ఫొటో వ్యూయర్ ఆ చీటీ జోలికే పోదు. అది చూపించేది రా ఫైలు లోపల కెమెరా తనకోసం దాచుకున్న చిన్న జేపెగ్ బొమ్మను. 'కెమెరాలోంచి తీసినట్టే ఉంది' అన్నావు చూడు, నిజంగా అదే చూశావు.

మీ మామ కొడుకు దగ్గర పాత లైట్‌రూమ్ ఏదైనా ఉండి అది సీఆర్3ని గుర్తే పట్టకపోతే కంగారు పడకు. ఆ ఫార్మాట్ 2018లో కానన్ ఎం50తో వచ్చింది. అంతకు ముందు డబ్బులు కట్టి ఒకేసారి కొనుక్కున్న లైట్‌రూమ్ 6 లాంటివాటికి దాని సంగతి తెలియదు. అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్ అని ఉచితంగా దొరుకుతుంది, దానితో డీఎన్‌జీ అనే అడోబ్ రా ఫార్మాట్‌లోకి మార్చుకుంటే పాత సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకుంటుంది. అది మీ ఇద్దరి మధ్య పని. ల్యాబ్‌కి డీఎన్‌జీ పంపకు, అక్కడ అదీ రా కిందే లెక్క.

ఉత్తరంలో నువ్వు అడగనిది ఒకటుంది, నాకు తగిలిన దెబ్బ కాబట్టి చెబుతున్నాను. ఒంగోలు దగ్గర ఒక రైతు, ఆయన గిత్త బండలాగుడు పోటీలో గెలిచింది. ఇంట్లో హాల్లో పెట్టుకుంటానని 24కి 36 అంగుళాల ఫ్రేము అడిగాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మూపురం మీద చెమట మెరుపు కూడా తెలుస్తోంది. ఎక్స్‌పోర్ట్ చేసి పంపాను. ఫ్రేము కట్టించుకుని ఆయన ఫోన్ చేశాడు: "సార్, మా గిత్త మూపురం దూది మూటలాగా ఉందేంది?" ఫైలు తీసి చూస్తే వెడల్పు 2560 పిక్సెళ్ళు. నా కెమెరా ఇచ్చేది 6000. ఏం జరిగిందంటే, ఫొటోలున్న బయటి హార్డ్ డిస్క్ ఆ రోజు ప్లగ్ చేయలేదు. అసలు రా కనపడకపోయినా, ముందే తయారు చేయించి ఉంటే లైట్‌రూమ్ దగ్గర స్మార్ట్ ప్రివ్యూ అని ఒక చిన్న నకలు ఉంటుంది, దాని పొడవు 2560 పిక్సెళ్ళే. ఆ నకలు నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చింది. నేను ఏ హెచ్చరికా చూసుకోలేదు. 36 అంగుళాల మీద 2560 అంటే అంగుళానికి 71 చుక్కలు. కొత్త ఫ్రేము నా డబ్బుతో కట్టించి ఇచ్చాను. అప్పటి నుంచి ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు డిస్క్ లైటు వెలుగుతోందా అని చూడటం, అయ్యాక ఒక ఫైలు పిక్సెళ్ళు లెక్క చూడటం అలవాటైంది.

సైజుల విషయంలో మన వాళ్ళు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అన్న మాట పట్టుకుని వేలాడతారు. ఆ అంకె ఫైలు మీద రాసి ఉండే ఒక గమనిక మాత్రమే. 72 అని ఉన్నా 300 అని ఉన్నా పిక్సెళ్ళు అవే. చూడాల్సింది పిక్సెళ్ళు. 12కి 36 ఆల్బం షీటు నిండాలంటే 300 లెక్కన 3600కి 10800 పిక్సెళ్ళు కావాలి. షీటు డిజైన్ ఆ సైజులో తయారవ్వాలి. అందులో పెట్టే ఒక్కో ఫొటో మాత్రం నీ కెమెరా ఇచ్చిన పూర్తి సైజులో వెళ్తే చాలు. కాబట్టి ఎక్స్‌పోర్ట్‌లో రీసైజ్ టిక్ తీసెయ్యి. 'లిమిట్ ఫైల్ సైజ్ టు' అన్న టిక్ కూడా తీసెయ్యి. ఏదో ఉద్యోగం దరఖాస్తుకు 50 కేబీ ఫొటో కోసం పెట్టిన టిక్ అలాగే ఉండిపోయి పెళ్ళి మొత్తం పిసరంత ఫైళ్ళుగా వచ్చిన కుర్రాడు నాకు తెలుసు. క్వాలిటీ 90 పెట్టు. 100 పెడితే ఫైలు బాగా పెరుగుతుంది గానీ ప్రింటులో తేడా నీకూ తెలియదు, నాకూ తెలియదు.

జేపెగ్‌ను తెరిచి, ఇంకాస్త ఎడిట్ చేసి, మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేసే అలవాటు ఉంటే మానుకో. మైపాడు బీచ్‌లో తెల్లవారుజామున ఒక జంటను తీశావనుకో, ఆ ఆకాశం చూడు. నారింజ నుంచి బూడిద రంగులోకి నెమ్మదిగా కరిగిపోవాలి. 14 బిట్ రాలో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256. ఆ 256 మెట్ల మీద మళ్ళీ కాంట్రాస్ట్ లాగితే మెట్లు విడిపోయి ఆకాశంలో చీర మడతల్లా చారలు పడతాయి. మార్పులన్నీ రాలోనో 16 బిట్ టిఫ్‌లోనో చేసుకో, జేపెగ్ చివరి అడుగు. టిఫ్ అసలు ఉన్నదే అందుకు, ఫొటోషాప్‌లోకి తీసుకెళ్ళి పెద్ద పని చేసేటప్పుడు. ల్యాబ్‌కి పంపడానికి కాదు, ల్యాబే అడిగితే తప్ప.

అసలు నా గట్టి అభిప్రాయం ఇది: ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు ఫోన్ చెయ్యాల్సింది నాలాంటి వాడికి కాదు, ల్యాబ్‌కి. జేపెగ్గా టిఫ్ఫా, ఎస్‌ఆర్‌జీబీనా, షీటు సైజు ఎంత, ఇంతే అడుగు. రెండు నిమిషాలు పట్టదు. పాత మిషన్లు ఉన్న చోట ప్రోగ్రెసివ్ జేపెగ్ (నెట్‌లో మసకగా మొదలై మెల్లగా స్పష్టమయ్యే రకం) తీసుకోవని కూడా అంటారు. అప్పుడు ఫొటోషాప్‌లో సేవ్ చేసేటప్పుడు బేస్‌లైన్ స్టాండర్డ్ పెట్టాలి. ఫైలు పేర్లలో తెలుగు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు లేకుండా చూసుకో. కొన్ని ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు వాటి దగ్గర ఆగిపోతాయి.

వాళ్ళు చెప్పినదాన్ని ఎక్స్‌పోర్ట్ కిటికీలో ఒకసారి సెట్ చేసి, ఎడమ పక్క కింద 'యాడ్' నొక్కి ప్రీసెట్‌గా దాచుకో. 'ల్యాబ్' అని ఒకటి. 'ఫోన్' అని ఇంకొకటి, పొడవు వైపు 2048 పిక్సెళ్ళు, ఎస్‌ఆర్‌జీబీ, క్వాలిటీ 80. ఈ రెండూ ఉంటే నిద్రమత్తులో నొక్కినా కొంప మునగదు.

పెన్ డ్రైవ్ సంగతి కూడా. ల్యాబ్‌లో ఫొటో సగం బాగుండి, కింద సగం బూడిద రంగు పలకలాగా ఉందంటే అది ఫార్మాట్ సమస్య కాదు, కాపీ పూర్తి కాకముందే డ్రైవ్ లాగేశావని అర్థం. మళ్ళీ కాపీ చెయ్యి. నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైలు, మొత్తం జిప్ చేసి పెట్టావనుకో, పాత పద్ధతి ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లోకి ఎక్కనే ఎక్కదు. ఎగ్జ్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకుంటే ఎక్కుతుంది, అందులో ఉన్నవి ముందు తీసి పెట్టుకుని.

మళ్ళీ జేపెగ్‌కి వెళ్ళాలా అని అడిగావు. మొత్తంగా వద్దు. ముహూర్తం టైములో పందిట్లో పసుపు బల్బులు, వీడియో లైటు, తలంబ్రాల తెలుపు, పొగ అన్నీ ఒకేసారి ఉంటాయి. అక్కడ రా లేకపోతే తర్వాత సరిచేసుకోలేవు. అదే రిసెప్షన్ స్టేజి మీద వరసగా వచ్చి నిలబడి గిఫ్టులిచ్చి దిగిపోయే నాలుగొందల మందిని రాలో తీయడం కార్డుకు, డిస్కుకు, నీ నిద్రకు దండగ. లైటు మారదు, ఒకసారి సరిగ్గా పెట్టుకుని జేపెగ్ కొట్టు. భోజనాల దగ్గర కూడా అంతే. అన్నీ రాలోనే తీసేవాడే నిజమైన ఫొటోగ్రాఫర్ అని ఎవరైనా అంటే, ఆయనకు పెళ్ళిళ్ళ సీజన్‌లో వరసగా మూడు ముహూర్తాలు తగల్లేదన్నమాట.

ఇవాళ రాత్రి పని ఇది. ల్యాబ్‌కి ఫోన్ చేసి అడుగు, ప్రీసెట్ చేసుకో, ముందు పది ఫొటోలే ఎక్స్‌పోర్ట్ చెయ్యి. అందులో రాణీ రంగు చీర ఉన్నవి, పచ్చటి తోరణం ఉన్నవి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే రంగు తేడా ముందు అక్కడే దొరుకుతుంది. వాటిని నీ ఫోన్లో, వేరే ఎవరిదైనా కంప్యూటర్లో తెరిచి చూడు. బాగుంటే ల్యాబ్‌లో ఒక్క షీటు ప్రింటు తీయించుకుని వెలుతుర్లో పెట్టి చూడు. ప్రింటు చీకటిగా వస్తే అది ఫార్మాట్ వల్ల కాదు, నీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తున్నావు, సగానికి తగ్గించు. అప్పుడు మిగతావన్నీ ఒకేసారి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకో.

నువ్వు పంపిన రెండో ఫైలును నేను ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి తిరిగి పంపాను. పెళ్ళికూతురు నవ్వుతూ తల వంచిన ఫొటో అది. చీర రాణీ రంగే, జరీ బంగారమే. దాన్ని వాళ్ళ నాన్నగారికి వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టు, లేకపోతే వాట్సాప్ దాన్ని మళ్ళీ నలిపేస్తుంది. పెట్టి, ఆయన చేసేలోగా నువ్వే ఫోన్ చెయ్యి.